వైరస్ పోయింది, నెట్ కూడా పోయింది

యాంటీవైరస్ స్కాన్ ముగించి, దొరికినవాటిని తీసేశానని చెప్పి, కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేయమంది. చేశాను. ఆ తర్వాత ఒక్క వెబ్‌సైటు కూడా తెరుచుకోలేదు. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడూ ఒకటే మాట: ప్రాక్సీ సర్వర్ (బ్రౌజర్‌కీ సైటుకీ మధ్య నిలబడే మధ్యవర్తి) స్పందించడం లేదు. అదే వైఫై మీద ఇంట్లో ఫోన్లు మాత్రం బాగానే నడుస్తున్నాయి.

అంతకు ముందు కొంతకాలంగా ఆ కంప్యూటర్ తీరు తేడాగానే ఉంది. సెర్చ్‌లో ఏదైనా కొడితే గూగుల్ బదులు ఎప్పుడూ చూడని ఇంకో సెర్చ్ పేజీ వచ్చేది. అడ్రస్ బార్‌ని రెప్ప వేయకుండా చూస్తే మధ్యలో వేరే వేరే చిరునామాలు మెరిసి మాయమయ్యేవి. అసలు ప్రకటనలే ఉండని పేజీల్లో ప్రకటనలు కనిపించేవి. ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటర్ అది. బ్యాంకు పనులు, మెయిళ్ళు, చదువులకి సంబంధించిన కాగితాలు అన్నీ అందులోనే.

“ఫార్మాట్ కొట్టేద్దాం అక్కా, పీడా పోతుంది” అన్నాడు తమ్ముడు.

“కొడదాం గానీ, ముందు ఇది ఏమేం చేసిందో చూడనీ” అన్నాను.

ఇదంతా రాయడానికి కారణం ఆ చిన్న సంభాషణే. ఇలాంటిది ఎవరింట్లో జరిగినా మొదటి సలహా ఫార్మాటే. ఫార్మాట్ డిస్కుని శుభ్రం చేస్తుంది, నిజమే. కానీ ఆ మాల్వేర్, అంటే మనకి తెలియకుండా దూరిన హానికర ప్రోగ్రామ్, ఇన్నాళ్ళూ మన రాకపోకల్లో ఏం చదివిందో చెప్పదు. రౌటర్‌ని ముట్టుకోదు. మన బ్రౌజర్ సెట్టింగులని ఆన్‌లైన్ ఖాతాలో దాచే సింక్‌లో దాక్కున్నదాన్ని తీయదు. ఇవన్నీ తెలియకుండా తుడిచేస్తే, ఏ పాస్‌వర్డులు మార్చాలో కూడా తెలియదు.

ముందు నెట్ ఎక్కడ ఆగిందో తేల్చుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 8.8.8.8కి, అంటే బయట ఉన్న ఒక గూగుల్ సర్వర్‌కి, ‘ఉన్నావా’ అని అడిగే పింగ్ కొట్టాను. జవాబులు వరసగా వచ్చాయి. అంటే లైను బాగుంది, వైఫై బాగుంది, ప్యాకెట్లు బయటికి వెళ్ళి తిరిగొస్తున్నాయి. తర్వాత ఎన్ఎస్‌లుకప్ అనే ఆదేశంతో ఒక సైటు పేరు అడిగితే దానికీ చిరునామా వచ్చింది. కాకపోతే ఆ జవాబుకి పైన ఉన్న రెండు వరసల దగ్గర నా చూపు ఆగిపోయింది. తనకి జవాబు చెప్పిన సర్వర్ ఎవరో ఎన్ఎస్‌లుకప్ ముందే రాస్తుంది. మా ఇంట్లో అక్కడ రౌటర్ చిరునామా ఉండాలి, 192.168తో మొదలయ్యేది. దాని బదులు ఎప్పుడూ చూడని అంకెలున్నాయి. పేరుకి చిరునామా వస్తోందంటే, సైటు పేర్లని అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ పనిచేస్తోందని మాత్రమే అర్థం, నిజం చెబుతోందని కాదు. ఆ అంకెలు కాగితం మీద రాసిపెట్టుకుని, ముందు బ్రౌజర్ల సంగతి చూద్దామని కదిలాను.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, దాని కింద ప్రాక్సీ. ‘యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్’ ఆన్‌లో ఉంది. అడ్రస్ గడిలో 127.0.0.1, పోర్టు గడిలో ఐదంకెల సంఖ్య. మా ఇంట్లో ఎవరూ పెట్టినది కాదు.

127.0.0.1 అంటే ఏ కంప్యూటర్‌కైనా తన సొంత చిరునామా, తనని తానే పిలుచుకునే అంకె. మాల్వేర్ మా కంప్యూటర్లోనే ఒక చిన్న ప్రోగ్రామ్‌ని ఆ పోర్టు (ఆ చిరునామాలో ఒక తలుపు నంబరు లాంటిది) దగ్గర కూర్చోబెట్టి, బ్రౌజర్ పంపే ప్రతిదీ ముందు దాని చేతికి వెళ్ళేలా విండోస్ ప్రాక్సీని తిప్పింది. క్రోమ్, ఎడ్జ్ విండోస్ ప్రాక్సీనే వాడతాయి. ఫైర్‌ఫాక్స్ కూడా మనం మార్చకపోతే అదే వాడుతుంది. అందుకే మూడూ ఒకేసారి పడకేశాయి. యాంటీవైరస్ ఆ ప్రోగ్రామ్‌ని తీసేసింది గానీ, అది మార్చిన సెట్టింగు అలాగే ఉండిపోయింది. బ్రౌజర్లు ఇప్పటికీ ఎవరూ లేని ఆ పోర్టు దగ్గరికే వెళ్ళి నిలబడుతున్నాయి.

సరిగ్గా ఇదే కథ ఒకప్పుడు ప్రపంచమంతటా నడిచింది. డీఎన్ఎస్ ఛేంజర్ అనే మాల్వేర్ వందకు పైగా దేశాల్లో దాదాపు 40 లక్షల కంప్యూటర్ల డీఎన్ఎస్ సెట్టింగులని తన సర్వర్ల వైపు తిప్పి, ప్రకటనల మోసంతో కనీసం 1.4 కోట్ల డాలర్లు సంపాదించింది. 2011 నవంబరులో ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ ఘోస్ట్ క్లిక్’ పేరుతో ఆ ముఠా గుట్టు బయటపెట్టింది. ఎస్టోనియాలో ఆరుగురు అరెస్టయ్యారు. కానీ ఆ సర్వర్లని వెంటనే ఆపేస్తే బాధితుల నెట్ కూడా ఆగిపోతుంది, ఎందుకంటే వాళ్ళ కంప్యూటర్లు ఇంకా వాటినే అడుగుతున్నాయి. అందుకని కోర్టు అనుమతితో ఇంటర్నెట్ సిస్టమ్స్ కన్సార్టియం అనే సంస్థ వాటి స్థానంలో మంచి సర్వర్లు నడిపింది. మొదట 2012 మార్చి 8 దాకా అనుకున్నారు, తర్వాత జులై 9 దాకా పొడిగించారు. దొంగలు దొరికినా వాళ్ళు తిప్పిన సెట్టింగులు నెలల తరబడి అలాగే ఉండిపోయాయి. మా ఇంట్లో జరిగిందీ అదే అని అర్థమయ్యాక నా కంగారు చాలావరకు తగ్గింది. నెట్ పోవడం కొత్త దెబ్బ కాదు, పాత దెబ్బ మిగిల్చిన గుర్తు.

ప్రాక్సీ ఆఫ్ చేశాను. అదే తెరలో పైన ‘యూజ్ సెటప్ స్క్రిప్ట్’ అని ఇంకోటి ఉంటుంది, దాన్నీ చూడాలి. అక్కడ ఒక స్క్రిప్టు చిరునామా పెడితే అన్ని సైట్లనీ కాకుండా ఎంచుకున్న కొన్ని సైట్లని మాత్రమే దారి మళ్ళించవచ్చు. మిగతావి మామూలుగా నడుస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? మా దాంట్లో అది ఖాళీగానే ఉంది. నెట్ వచ్చింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే ప్రాక్సీ మళ్ళీ ఆన్ అయి కూర్చుంది, అవే అంకెలతో.

అంటే తిరగరాసేది ఇంకా లోపలే ఉంది. అది ఉన్నంతసేపూ మనం ఎన్నిసార్లు సరిచేసినా వృథా.

ఇక్కడో మాట. ఇలాంటప్పుడు టూల్స్‌ని ఆ కంప్యూటర్లోనే వెతికి దించుకోకూడదు. సెర్చే వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు టూల్ పేరు కొడితే వచ్చేది అసలుదో నకిలీదో ఎలా చెప్పగలం? పైగా ‘మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని పెద్ద ఎర్ర పేజీలు వస్తాయి. ఆ నంబరుకి చేశారంటే డబ్బూ పోతుంది, కంప్యూటరూ వాళ్ళ చేతికి వెళ్తుంది. స్నేహితురాలి కంప్యూటర్లో, తయారీదారుల సొంత సైట్ల నుంచే దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను.

ముందుగా డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడిపాను. ఇది విండోస్‌లోనే ఉంటుంది. విండోస్ పూర్తిగా లేవకముందే నడుస్తుంది కాబట్టి, లేచాక దాక్కునేవాటికి అక్కడ దాక్కునే వీలుండదు. కొత్తగా ఏమీ పట్టుకోలేదు. ఆ తర్వాత ఆటోరన్స్. మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ఒకటి. కంప్యూటర్ లేచేటప్పుడు తనంతట తాను మొదలయ్యే ప్రతిదాన్నీ ఒకచోట చూపిస్తుంది. మొదటిసారి చూస్తే ఆ జాబితా పొడవుకే కళ్ళు తిరుగుతాయి. మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచమని చెబితే చాలా వరకు తగ్గిపోతుంది.

మిగిలినవాటిలో దొరికింది ఒక షెడ్యూల్డ్ టాస్క్. పేరు చూస్తే ఏదో అప్‌డేట్‌లా ఉంది. టాస్క్ షెడ్యూలర్‌లోకి వెళ్ళి దాన్ని తెరిచాను. ట్రిగ్గర్స్ ట్యాబ్‌లో, లాగిన్ అయినప్పుడల్లా నడవమని ఉంది. యాక్షన్స్ ట్యాబ్‌లో పవర్‌షెల్ (విండోస్‌కి ఆదేశాలిచ్చే పనిముట్టు), విండో కనపడకుండా దాచమనే ఆప్షన్, దాని వెనకాల అర్థం పర్థం లేని అక్షరాల గొలుసు, పక్కకి జరుపుతుంటే అంతు కనపడనంత పొడుగు. అది బేస్64లో, అంటే చదవడానికి వీల్లేని అక్షరాలుగా మార్చే పద్ధతిలో, చుట్టిన ఆదేశం. దాన్ని నడపకుండా, ఉత్త అక్షరాలుగానే విప్పితే లోపల ఉన్నది చిన్న సంగతి: రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ప్రాక్సీ ఎనేబుల్‌ని 1 చెయ్యి, ప్రాక్సీ సర్వర్ దగ్గర 127.0.0.1 రాయి. అంతే. ఇందులో వైరస్ అనదగ్గ ఫైలేదీ లేదు. విండోస్ సొంత పనిముట్టుతో విండోస్ సొంత సెట్టింగునే మార్చే ఒక వాక్యం. స్కాన్‌లో దొరక్కపోవడంలో ఆశ్చర్యం లేదు.

టాస్క్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచాక డిలీట్ చేశాను. దాచడం ముఖ్యం, ఎందుకంటే దాన్ని ఎప్పుడు తయారుచేశారో ఆ ఫైల్లో ఉంటుంది. ఆ తేదీ పట్టుకుని ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాని తేదీ ప్రకారం పేర్చి చూస్తే, అదే రోజు ఎక్కిన ఒక ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్, దాని పక్కనే ఎవరూ అడగని ఇంకో రెండు ప్రోగ్రామ్‌లు కనిపించాయి. తమ్ముడికి ఒక అప్లికేషన్ కోసం పీడీఎఫ్ కావలసొచ్చిన రోజు అది. వాణ్ణి నేనేమీ అనలేదు. ముందే టిక్కు పెట్టి ఉన్న గళ్ళు, ‘రికమెండెడ్’ అని పెద్ద బటను, అసలు ఎంపికని బూడిద రంగులో మూలకి తోసేయడం, ఇవన్నీ కావాలని జనాన్ని బోల్తా కొట్టించడానికి చేసే డిజైన్లు. తప్పు చేసినవాళ్ళని వదిలేసి నొక్కినవాళ్ళని తిడితే, రేపు ఏదైనా తేడాగా కనిపించినా ఇంట్లోవాళ్ళు మనకి చెప్పరు.

ఇప్పుడు ప్రాక్సీ ఆఫ్ చేస్తే ఆఫ్‌గానే ఉంది. ఇక కాగితం మీది అంకెల వంతు.

నెట్‌వర్క్ వివరాలు చూపించే ఐపీకాన్ఫిగ్ /ఆల్ ఆదేశం కొడితే వైఫై అడాప్టర్‌కి రెండు డీఎన్ఎస్ చిరునామాలు కనిపించాయి, రెండూ బయటివే. అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 (నెట్ చిరునామాల్లో పాత రకం; ఐపీవీ6 కొత్తది) తెరిస్తే ‘ఆటోమేటిక్’ అని ఉండాల్సిన చోట అవే అంకెలు నింపి ఉన్నాయి. వైర్ అడాప్టర్ మాత్రం శుభ్రంగా ఉంది. కాబట్టి ఒక అడాప్టర్ చూసి ఊరుకోకూడదు, ఐపీవీ6ని కూడా విడిగా తెరిచి చూడాలి. ఆటోమేటిక్‌కి మార్చి, ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టి పాత జవాబులని కూడా తుడిచేశాను. విన్‌హెచ్‌టీటీపీ అని సర్వీసులు వాడుకునే ఇంకో ప్రాక్సీ సెట్టింగు ఉంది, అది సెట్టింగ్స్ తెరలో కనపడదు. దాన్ని నెట్‌ఎస్‌హెచ్ అనే ఆదేశం ద్వారా రీసెట్ చేశాను. ప్రోగ్రామ్‌లని నెట్‌తో కలిపే విన్‌సాక్‌ని కూడా రీసెట్ చేసి రీస్టార్ట్ ఇచ్చాను.

డీఎన్ఎస్‌ని అడగకముందే విండోస్ చూసుకునే చిరునామాల జాబితా, హోస్ట్స్ ఫైల్లో ఏమీ లేదు. చూసేవాళ్ళకి ఒక జాగ్రత్త: నోట్‌ప్యాడ్‌లో తెరిచాక కింది దాకా జరపండి. పైన మామూలు వరసలు, తర్వాత వందల ఖాళీ వరసలు, అట్టడుగున అసలు సరుకు పెట్టడం పాత ఎత్తు.

నన్ను నిజంగా భయపెట్టింది సర్టిఫికెట్.

అడ్రస్ బార్‌లో తాళం ఉంటే మనకీ సైటుకీ మధ్య ఎవరూ చదవలేరని మన నమ్మకం. ఆ నమ్మకం నిలబడేది కంప్యూటర్లో ఉన్న రూట్ సర్టిఫికెట్ల మీద, అంటే ఏ సైటు అసలుదో పూచీ పడేవాళ్ళ జాబితా మీద. ఆ జాబితాలోకి మాల్వేర్ తన సర్టిఫికెట్ ఒకటి చేర్చుకుంటే చాలు, మధ్యలో కూర్చున్న ప్రాక్సీ ప్రతి సైటుకీ అప్పటికప్పుడు నకిలీ సర్టిఫికెట్ తయారుచేసి చూపిస్తుంది. తాళం మామూలుగానే ఉంటుంది. పాస్‌వర్డ్ మాత్రం ముందు దాని చేతిలో పడుతుంది. 2015లో లెనోవో ల్యాప్‌టాపుల్లో ముందే ఎక్కించి అమ్మిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ఇదే పద్ధతిలో పనిచేస్తోందని బయటపడి పెద్ద దుమారం రేగింది. ఆ సాఫ్ట్‌వేర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసినా దాని రూట్ సర్టిఫికెట్ కంప్యూటర్లోనే ఉండిపోయేది. దాన్ని వేరేగా తీయాల్సి వచ్చింది.

సర్టిఫికెట్ల జాబితాలో ఏది ఎవరిదో పేర్లు చూసి చెప్పడం కష్టం. సిస్‌ఇంటర్నల్స్‌లోనే సిగ్‌చెక్ అనే టూల్ ఉంది. మైక్రోసాఫ్ట్ నమ్మే జాబితాతో పోల్చి, అందులో లేనివాటినే చూపిస్తుంది. మా కంప్యూటర్లో ఒకటి వచ్చింది. దాని ‘వాలిడ్ ఫ్రమ్’ తేదీ చూశాను. ఆ కన్వర్టర్ ఎక్కిన రోజే. గుండె జారింది. అది కనిపించిన క్షణం నుంచీ ఇది ప్రకటనల బెడద కాకుండా పోయింది. ఆ రోజు నుంచి ఈ కంప్యూటర్లో కొట్టిన ప్రతి పాస్‌వర్డూ బయటికి పోయిందనే అనుకోవాలి.

తెలియని రూట్ సర్టిఫికెట్ కనిపించగానే తీసేయకండి. కొన్ని యాంటీవైరస్‌లు, ఆఫీసు ల్యాప్‌టాపుల్లో కంపెనీలు కూడా తమ సర్టిఫికెట్ పెడతాయి. అది ఎవరిదో, ఏ రోజు వచ్చిందో చూసుకున్నాకే తీయాలి. మా దానికి తేదీయే సాక్ష్యం. తీసేశాను.

పాస్‌వర్డులు ఆ కంప్యూటర్ నుంచి మార్చలేదు. ఫోన్లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద మార్చాను. మొదట మెయిల్, ఎందుకంటే మిగతా ఖాతాలన్నిటికీ పాస్‌వర్డ్ రీసెట్ లింకులు అక్కడికే వస్తాయి. పాస్‌వర్డ్ మార్చడంతో పాటు, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ అయ్యే ఆప్షన్ నొక్కాలి. దొంగిలించిన కుకీతో (మనం లాగిన్ అయ్యామని బ్రౌజర్ దాచుకునే గుర్తు) ఎవరైనా ఇప్పటికే లోపల ఉంటే, చాలాచోట్ల వాళ్ళని వెళ్ళగొట్టేది ఆ బటనే. తర్వాత మెయిల్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తెరిచి చూశాను, మనకి వచ్చే ఉత్తరాల కాపీ ఎక్కడికైనా పోతోందేమోనని. ఏమీ లేదు. బ్యాంకులవి, మిగతావి మార్చి, వీలున్న ప్రతిచోటా రెండంచెల ధ్రువీకరణ పెట్టాం. ఇంట్లో ఒక్కొక్కళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకుని ఎవరి ఖాతాలు వాళ్ళ చేతే మార్పించాను. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే.

రౌటర్‌లోకి లాగిన్ అయి చూస్తే అక్కడి డీఎన్ఎస్ చిరునామాలు సర్వీసు ఇచ్చేవాళ్ళవే, ఎవరూ మార్చలేదు. కానీ లాగిన్ పాస్‌వర్డ్ ఇంకా ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే. డీఎన్ఎస్ ఛేంజర్ అప్పట్లో ఇలాంటి రౌటర్లలోకి ఆ తెలిసిన పాస్‌వర్డులతోనే దూరి, ఇంట్లోని అన్ని పరికరాలనీ ఒకేసారి దారి మళ్ళించింది. పాస్‌వర్డ్ మార్చి, బయటి నుంచి రౌటర్‌ని నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేసి, రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌ని అప్‌డేట్ చేశాను.

బ్రౌజర్ విషయం ఇంకా మిగిలే ఉంది. క్రోమ్ మెనూలో అడుగున ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అన్న అర్థంలో ఒక వరస. ఇంటి కంప్యూటర్‌కి సంస్థ ఏమిటి? అడ్రస్ బార్‌లో క్రోమ్://పాలసీ కొడితే, ఒక ఎక్స్‌టెన్షన్‌ని బలవంతంగా ఎక్కించే పాలసీ కనిపించింది. అందుకే ఆ ఎక్స్‌టెన్షన్‌కి ‘రిమూవ్’ బటను లేదు. రిజిస్ట్రీలో ఆ పాలసీ తీసేశాక గానీ అది పోలేదు. డెస్క్‌టాప్ మీది క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్ తెరిస్తే, టార్గెట్ గడిలో ఫైలు పేరు అయిపోయాక ఆ సెర్చ్ పేజీ చిరునామా తగిలించి ఉంది. హోమ్ పేజీ ఎన్నిసార్లు మార్చినా మళ్ళీ అదే రావడానికి కారణం అదన్నమాట.

ఇవన్నీ అయ్యాక తమ్ముడు కోరుకున్నట్టే ఫార్మాట్ కొట్టాం. రూట్ సర్టిఫికెట్ దాకా వెళ్ళినదాన్ని పూర్తిగా తుడిచేశామని, నాకు తెలియని మూల ఇంకేదీ లేదని నేను పూచీ పడలేను. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్ విషయంలో ఆ అనుమానంతో బతకడం నాకిష్టం లేదు. స్నేహితురాలి కంప్యూటర్లో విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని, ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రం వేరే డిస్కులోకి తీసి, ప్రోగ్రామ్‌లు, ఇన్‌స్టాలర్లు ఒక్కటి కూడా తీసుకోకుండా, పార్టిషన్లు చెరిపి కొత్తగా ఎక్కించాం.

క్రోమ్‌లో సైన్ ఇన్ అయ్యేటప్పుడు సింక్ ఆన్ చేయలేదు. పాత ఖాతాలో ఎక్స్‌టెన్షన్ల జాబితా అలాగే ఉంటే సింక్ ఆ సరుకునంతా కొత్త విండోస్‌లోకి మోసుకొస్తుంది. సింక్‌లో దాచిన డేటాని తుడిచేశాకే ఆన్ చేశాం.

ఈసారి అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఒక్కటే, దాన్ని రోజువారీ ఎవరూ వాడరు, నేను కూడా. అందరివీ స్టాండర్డ్ ఖాతాలు. దీనివల్ల అన్నీ ఆగిపోవు: విండోస్ ప్రాక్సీ సెట్టింగు ఎవరి ఖాతాలో వాళ్ళది, దాన్ని మార్చడానికి అడ్మిన్ అనుమతి అక్కర్లేదు. అడాప్టర్ డీఎన్ఎస్ మార్చాలన్నా, కంప్యూటర్ మొత్తానికీ వర్తించే రూట్ సర్టిఫికెట్ చేర్చాలన్నా మాత్రం ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. తమ్ముడికి పీడీఎఫ్ చేయడానికి వేరే ప్రోగ్రామ్ అవసరం లేదని, విండోస్‌లో ప్రింట్ నొక్కి ప్రింటర్ల జాబితాలో ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ ఎంచుకుంటే చాలని చూపించాను.